అప్‌డేట్: కాక్‌పిట్‌లో లాగిన్ తరువాత ఖాళీ పేజీ సమస్య తీరింది

డెబియన్ లినక్స్ సర్వర్‌లోని కాక్‌పిట్‌ను (బ్రౌజర్ నుంచి సర్వర్‌ను నిర్వహించే సాధనం) ఇంజిన్‌ఎక్స్ (అభ్యర్థనలను ముందుగా అందుకుని లోపలికి పంపే వెబ్ సర్వర్) వెనుక పెడితే లాగిన్ పేజీ వస్తున్నా, పాస్‌వర్డ్ ఇచ్చాక తెల్లని పేజీయే మిగులుతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీ సలహాలతో అది పరిష్కారమైంది. లాగిన్ పేజీ మామూలు హెచ్‌టీటీపీఎస్ మీదే తెరుచుకుంటుంది గానీ, ఆ తరువాతి వ్యవహారమంతా వెబ్‌సాకెట్ (రెండు వైపులా తెరిచి ఉండే కనెక్షన్) ద్వారా నడుస్తుంది కనుక, బ్రౌజర్ పంపే ఆరిజిన్ (పేజీ తెరిచిన సైటు చిరునామా) తనకు తెలిసిన చిరునామాతో సరిపోలకపోతే కాక్‌పిట్ ఆ కనెక్షన్‌ను తిరస్కరిస్తుంది. అందువల్ల కాక్‌పిట్ డాట్ కాన్ఫ్ ఫైలులో (అది ముందుగా ఉండకపోవచ్చు, మనమే సృష్టించుకోవాలి) వెబ్‌సర్వీస్ విభాగం కింద ఆరిజిన్స్ విలువగా హెచ్‌టీటీపీఎస్‌తో సహా నా డొమైన్‌ను రాసి, ప్రొటోకాల్‌హెడర్‌కు ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో (అసలు కనెక్షన్ హెచ్‌టీటీపీఎస్‌దా అని తెలిపే హెడర్) ఇచ్చి, వెబ్‌సాకెట్ పనిచేసేలా ఇంజిన్‌ఎక్స్‌లో హెచ్‌టీటీపీ 1.1తో పాటు అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లను చేర్చాను. కాక్‌పిట్‌ను రీస్టార్ట్ చేయగానే టెర్మినల్‌తో సహా అన్నీ పనిచేశాయి.

ఇక కాక్‌పిట్ వాడే 9090 పోర్టు బయటికి తెరిచి ఉండవలసిన అవసరం లేదు కాబట్టి ఫైర్‌వాల్‌లో మూసివేశాను. రూట్‌తో (సర్వాధికారాలున్న ఖాతాతో) నేరుగా లాగిన్ కావాలన్న సూచనను మాత్రం పాటించలేదు. సుడో హక్కులున్న (అవసరమైనప్పుడు అడ్మిన్ అధికారం తీసుకోగల) సాధారణ ఖాతాతో ప్రవేశించి, పైన ఉన్న బటన్‌తో అడ్మిన్ హక్కులు తీసుకుంటే సరిపోతుంది, భద్రత రీత్యా అదే మేలని నా అభిప్రాయం.

కాక్‌పిట్‌లోని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల పేజీ మాత్రం ఇంకా సర్వర్ ఆఫ్‌లైన్‌లో ఉందనే చెబుతోంది. నెట్‌వర్క్‌ను నెట్‌వర్క్‌మేనేజర్ అనే సేవ కాకుండా పాత పద్ధతిలోని ఇంటర్‌ఫేసెస్ అనే సెట్టింగుల ఫైలు నడిపించడమే దానికి కారణమని తేలింది. ప్రస్తుతానికి అప్‌డేట్ల పనిని టెర్మినల్‌లో ఆప్ట్ ఆదేశంతోనే చేసుకుంటున్నాను.