24.82 కోట్ల మంది పేదరికం నుంచి బయటపడ్డారన్న నీతి ఆయోగ్ లెక్క ఎంతవరకు నమ్మొచ్చు?

పల్లెపద్దు: 2013-14లో 29.17 శాతం ఉన్న బహుముఖ పేదరికం (ఆదాయం ఒక్కటే కాదు, ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణాల్లో లోట్లను కలిపి కొలిచేది) 2022-23 కల్లా 11.28 శాతానికి దిగిందని 2024 జనవరిలో నీతి ఆయోగ్ పత్రం విడుదల చేసింది కదా. సర్కారు సొంత థింక్‌ట్యాంకు, పైగా ఎన్నికల ముందు, కాబట్టి చెత్తబుట్టలో వేయమని కొందరు. బయటి థింక్‌ట్యాంకులకు డబ్బు ఎవరిస్తున్నారో ముందు చెప్పమని ఇంకొందరు. ఈ గోల పక్కనపెట్టి, పత్రాన్నే పట్టుకుని తేల్చుకునే దారి ఉందా?

నమూనా_సర్వే: ఉందండీ. 2013-14లో గానీ 2022-23లో గానీ అసలు సర్వే జరిగిందా అన్నది మొదట చూడాలి. జరగలేదు. అప్పటికి చేతిలో ఉన్నవి మూడు కుటుంబ ఆరోగ్య సర్వేలే: 2005-06 (55.34 శాతం), 2015-16 (24.85), 2019-21 (14.96). మొదటి రెండింటి మధ్య పేదరికం ఏటా 7.69 శాతం చొప్పున తగ్గింది. 55.34ని 0.9231తో ఎనిమిదిసార్లు గుణించండి, 2013-14 అంకె దాదాపుగా వచ్చేస్తుంది. ఆ తర్వాతి వేగం 10.66 శాతం. 24.85ని 0.8934తో ఏడుసార్లు గుణిస్తే 2022-23 అంకె.

ఈ పద్ధతిని పత్రంలో దాచలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. 2013-14 రెండు సర్వేల మధ్యన పడింది కాబట్టి పెద్ద పేచీ లేదు. 2022-23తోనే చిక్కు. చివరి సర్వే అయిపోయాక కూడా అదే జోరు సాగిందని అనుకున్నారు, మధ్యలో కోవిడ్ వచ్చిపడినా సరే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనైతే ఆ సర్వే 2019లోనే ముగిసింది. కోవిడ్ దెబ్బ ఈ రెండు రాష్ట్రాల అంకెల్లో కనపడే అవకాశమే లేదు.

కూడికతీసివేత: శాతాలు సరే, కోట్లు కూడా చూడండి. తగ్గింది 17.89 శాతం పాయింట్లు. 24.82 కోట్లను దాంతో భాగిస్తే సుమారు 139 కోట్లు వస్తుంది. అంటే రెండు కొసలకీ ఒకే జనాభా వాడేశారు! 2011 జనగణనలో మనం 121 కోట్లే. 2013-14కి 127 కోట్లు అనుకుని ఏ ఏడాది పేదలను ఆ ఏడాది జనాభాతో లెక్కిస్తే, 37 కోట్ల నుంచి 15.7 కోట్లకు, తగ్గుదల 21 కోట్ల పైచిలుకు. 2013-14 నాటి పేదరిక శాతమే ఉండి ఉంటే 2022-23 జనాభాలో ఇంకెంతమంది పేదలై ఉండేవారన్న ప్రశ్నకైతే 24.82 సరైన జవాబే. ‘ఇంతమంది బయటపడ్డారు’ అన్న శీర్షికకు మాత్రం అతకదు.

ఆడిట్_రిపోర్ట్: డబ్బు సంగతి. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలు దాతల వివరాలను మూడు నెలలకోసారి వెబ్‌సైట్‌లో పెట్టాలన్న నిబంధన ఉండేది, 2022 జులైలో ఎత్తేశారు. ఇప్పుడు ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల్లోపు ఆడిట్ లెక్కలు పెడితే చాలు. సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని కంపెనీ) అయితే కంపెనీల శాఖ పోర్టల్‌లో రుసుము కట్టి బ్యాలెన్స్ షీట్ చూడొచ్చు. విరాళాల మొత్తం తెలుస్తుంది, స్వదేశీ దాతల పేర్లు ఉంటాయన్న భరోసా లేదు. దాత ఎవరో తెలిసినంత మాత్రాన లెక్క తప్పని తేలదు. ఏ ప్రశ్నలు వాళ్లు అసలు ముట్టుకోరో పోల్చుకోవడానికి పనికొస్తుంది, అంతే.

పల్లెపద్దు: జన్‌ధన్ తర్వాత బ్యాంకు ఖాతాను సూచికల్లో కలిపారు కదా, అసలు మాయ అక్కడే అంటున్నారు?

నమూనా_సర్వే: చాలామంది అక్కడే బోల్తా పడుతున్నారు. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి వేసే ప్రపంచ సూచీలో పది సూచికలే, బ్యాంకు ఖాతా లేదు. నీతి ఆయోగ్ దానికి బ్యాంకు ఖాతా, మాతృ ఆరోగ్యం కలిపి పన్నెండు చేసింది. అవే 2015-16, 2019-21 సర్వేలతో ప్రపంచ సూచీ 27.7 నుంచి 16.4కి, అంటే 11.3 పాయింట్లు తగ్గింది. నీతి ఆయోగ్ లెక్కలో 24.85 నుంచి 14.96కి, 9.89 పాయింట్లే. కొత్త సూచికలతో తగ్గుదలను పెంచి చూపారనడానికి ఈ అంకెలు సాక్ష్యం ఇవ్వవు. నిలదీయాలంటే ఆ చివరి పొడిగింపు గురించి, ఆ 139 కోట్ల గురించి నిలదీయండి.