నీరటి మాట వింటాం సరే, రాజ్యం మాట ఎందుకు వినాలి?

ప్రశ్న: ములుగు విద్యార్థి

నేను హనుమకొండలో రాజనీతి శాస్త్రం చదువుతున్నాను. అమెరికా తత్వవేత్త రాబర్ట్ పాల్ వుల్ఫ్ 1970లో, ఆజ్ఞాపించే నైతిక హక్కు ఏ రాజ్యానికీ లేదనే అరాచకవాదాన్ని సమర్థిస్తూ రాసిన చిన్న పుస్తకం కొన్ని వారాలుగా నన్ను వదలడం లేదు. తన పనులకు తానే ఆలోచించి బాధ్యత వహించడం మనిషి మొదటి ధర్మమనీ, ‘నేను చెప్పాను కాబట్టి చేయి’ అనగలిగే హక్కే అధికారమనీ, ఈ రెండూ ఒక ఒరలో ఇమడవనీ ఆయన వాదన. మాకు చెరువు కింద కొంత పొలం ఉంది. చెరువు నీళ్లు పంచే నీరటి ఏ రోజు తూము తెరిస్తే ఆ రోజే మడికి నీళ్లు పెట్టుకుంటాము. అది మాకెన్నడూ బానిసత్వంగా తోచలేదు. మరి రాజ్యం మాట వినడం కూడా అలాంటిదేనా?

జవాబు: కోటగుమ్మం

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. చట్టాలన్నీ ఉల్లంఘించమని వుల్ఫ్ చెప్పలేదు. హత్య చేయకూడదన్నది శాసనసభ చెప్పినందువల్ల పుట్టిన ధర్మం కాదు. చౌరస్తాలో ఎర్రదీపం దగ్గర ఆగడానికి ఎదుటివాడి ప్రాణమే చాలినంత కారణం. ప్రశ్న అంతకంటే సన్ననిది: ఆజ్ఞ అయినందువల్లనే దానికి బద్ధులమవుతామా? మనం ఒప్పుకున్నాం కాబట్టి బద్ధులమని కొందరంటారు. దేశంలో ఉండి దారుల మీద నడిచినా మౌనంగా అంగీకరించినట్లేనన్నాడు ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్. నిద్రలో ఓడెక్కించిన మనిషి, సముద్రంలో దూకితే తప్ప బయటపడలేనివాడు, ఓడలో ఉన్నాడు కాబట్టి కెప్టెన్ అధికారానికి ఒప్పుకున్నట్లేనా అని స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లోనే అడిగాడు. దానికి సరైన సమాధానం నాకు నేటికీ దొరకలేదు.

జవాబు: మత్తడి

విద్యార్థి గారు నీరటిని కొంచెం ముద్దుగా చూపించారు. దొరల కాలంలో నీళ్లు ముందు ఎవరి పొలాలకు పారేవో మా పెద్దలు చెప్పగా విన్నవాళ్లం. అది పక్కన పెట్టినా, పోలిక ఒకచోట తెగిపోతుంది. చెరువులో నీళ్లెన్ని ఉన్నాయో, చివరి మడికి చేరడానికి ఎంతసేపు పడుతుందో నీరటికి మనకంటే బాగా తెలుసు. అతని మాట వింటే మన అవసరమే మెరుగ్గా తీరుతుంది. న్యాయ తత్వవేత్త జోసెఫ్ రాజ్ 1986లో అధికారానికి ఇచ్చిన సమర్థన దాదాపు ఇదే. కానీ ఆ లెక్కన అధికారం తూము దగ్గరే ఆగిపోతుంది. నీరటి వచ్చి మా ఇంటి పెళ్లి సంగతి మాట్లాడితే ఎవరూ వినరు. రాజ్యమైతే తన హద్దు ఎక్కడో కూడా తానే నిర్ణయించుకుంటానంటుంది.

జవాబు: తాడ్వాయి పాఠకురాలు

మేడారం కథ ఇక్కడ గుర్తుకు రాక మానదు. కరువు వచ్చి కోయలు కప్పం కట్టలేకపోతే కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడనీ, సమ్మక్క సారలమ్మలు ఎదురునిలిచారనీ మేము జాతర జాతరకూ వింటాము. అది చరిత్రా ఐతిహ్యమా అన్నది వేరే చర్చ. లక్నవరం, పాకాల వంటి చెరువులు కాకతీయుల కాలానివే కదా, మేలు పొందినవారు కప్పం బాకీ పడరా అని ఎవరైనా అడగవచ్చు. కలిసి శ్రమించి నడిపే ఏర్పాటులో లాభం తీసుకున్నవారు తమ వంతు భారం మోయాలని న్యాయ తత్వవేత్త హెచ్.ఎల్.ఎ. హార్ట్ 1955లో చెప్పినది ఇదే. ఊరంతా చెరువు పూడిక తీస్తుంటే ఇంట్లో కూర్చుని, తరువాత నీళ్లకు వచ్చేవాడిని మనమూ ఒప్పుకోము. అయితే అతడు కావాలని తూము దగ్గరకు వచ్చాడు. అడగకుండా ఒకరు మన ఒడిలో పడేసిన మేలుకు మనం బాకీ ఎలా పడతామని అమెరికా తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో అడిగాడు. అడవిలో బతుకుతూ, చెరువు కింద ఒక్క మడి కూడా లేనివారికి ఏ మేలు బాకీగా చూపిస్తారు?

మళ్లీ ములుగు విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. నీరటి తప్పు చేస్తే రైతులు కట్ట మీద కూర్చుని అతన్ని మార్చగలరు కాబట్టి, ఆ మార్చగలగడమే తేడా అని రాయబోయి ఆగిపోయాను. అందరూ ఒక్కమాటగా నిర్ణయిస్తే తప్ప, ఓడిన పక్షం మీద మెజారిటీకి నైతిక హక్కు ఎక్కడిదన్నది వుల్ఫ్ పట్టుకున్న అసలు ముడి. ఒక ఏడు నీళ్లు తక్కువై యాసంగికి తూము మూయాలని కట్ట మీద నిర్ణయించినప్పుడు మా నాన్న వద్దన్నారు. అయినా పొలం బీడు పెట్టారు, దొంగచాటుగా నీళ్లు మళ్లించుకోలేదు. భయపడి విన్నారా, బద్ధుడనని విన్నారా, ఇరుగుపొరుగు మొహం చూసి విన్నారా? ఈ ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు ఆయననే అడుగుతాను.