పిండి పురుగుల సీసాలో లెక్క 170 దగ్గర ఆగింది, ఇదే కె (సీసా పోషించగల గరిష్ఠ సంఖ్య) అనుకోవచ్చా?

గాజువాక_బీజెడ్‌సీ:
డిగ్రీ ప్రాజెక్టులో జనాభా పెరుగుదల చూపించడానికి పిండి పురుగులు పెట్టాను. సీసాలో 20 గ్రా. గోధుమపిండి, 20 పెద్ద పురుగులు. నాలుగు వారాలు కదపలేదు. నాలుగో వారం చివరి నుంచి వారం వారం ఇంట్లో మైదా జల్లెడతో జల్లించి, పెద్దవాటిని లెక్కపెట్టి, జల్లెడ మీద మిగిలినవన్నీ కొత్త పిండిలో వేస్తున్నాను. పాత పిండి పారేస్తున్నాను. 4వ వారం 20, తర్వాత వరసగా 52, 97, 141, 166, 170, 171, 169. గీత అచ్చం ఎస్ ఆకారమే. కె = 170 అని రాసేయొచ్చా సార్?

జల్లెడ60:
రాయకండి. ఇప్పుడు జల్లెడలో లార్వాలు (పిల్ల పురుగులు), ప్యూపాలు (పెద్దవయ్యే ముందు కదలని దశ) ఎన్నున్నాయో చూడండి. బహుశా ఒక్కటీ ఉండదు.

గుడ్డు పొడవు సుమారు 0.6 మి.మీ. మైదా జల్లెడలోంచి సులువుగా జారిపోతుంది. 30 డిగ్రీల దగ్గర నాలుగైదు రోజుల్లో పొదుగుతుంది, అప్పుడే పుట్టిన లార్వా దారప్పోగులా ఉంటుంది, అదీ జారుతుంది. అంటే వారంలో పెట్టిన గుడ్లన్నీ మీరు పారేసే పిండితోనే పోతున్నాయి. 4వ వారానికే ఎదిగిన లార్వాలు మాత్రమే మిగిలి, 8వ వారానికి పెద్దవయ్యాయి. ఆ తర్వాత కొత్తవి లేవు. పెద్ద పురుగులు నెలల తరబడి బతుకుతాయి కాబట్టి లెక్క తగ్గడమూ లేదు. సమతుల్యం అంటే పుట్టేవీ చచ్చేవీ సమానం కావడం. మీ సీసాలో రెండూ సున్నాకి దగ్గర.

అలాగే 5, 7 వారాల మధ్య ఆర్ (పెరుగుదల రేటు) కూడా కట్టొద్దు. 141ని 52తో భాగించి సహజ సంవర్గమానం తీసి 14తో భాగిస్తే రోజుకి 0.071 వస్తుంది, కానీ అది ఒక్క బ్యాచ్ పెద్దవుతున్న వేగమే.

మళ్ళీ మొదలుపెట్టండి. 95 గ్రా. పిండికి 5 గ్రా. పొడి ఈస్టు. పిండిని ముందే 60 నంబరు జల్లెడలో (రంధ్రం 0.25 మి.మీ.) జల్లించి, కిందపడింది మాత్రమే వాడాలి. అప్పుడు మార్చేటప్పుడు పిండి దిగిపోతుంది, గుడ్లు పైన నిలుస్తాయి. రెండు వారాలకోసారి చాలు. పెద్దవి, ప్యూపాలు, లార్వాలు మూడు గడులు విడివిడిగా రాయాలి. ఒక్క సీసాతో ఏమీ తేలదు, కనీసం నాలుగు.

ఎంవీపీ_ఎకాలజీ:
పైన చెప్పింది నిజం. కాకపోతే సరిగ్గా చేసినా నున్నని ఎస్ వస్తుందని ఆశపడకండి. ఈ ఎస్ గీతకి మూలమైన, 1838లో గణితజ్ఞుడు వెర్హుల్స్ట్ రాసిన సమీకరణంలో ప్రతి జీవీ పుట్టగానే పెద్దది, ఆలస్యం లేదు. ఈ పురుగుకి గుడ్డు నుంచి పెద్దయ్యేసరికి నెల పడుతుంది. పైగా పెద్దవి గుడ్లనీ ప్యూపాలనీ తింటాయి, లార్వాలు గుడ్లని తింటాయి. గుంపు ఎక్కువైనప్పుడు గుడ్లు దక్కవు, ఆ లోటు నెల తర్వాత కనిపిస్తుంది. అందుకే లెక్క ఊగుతుంది. 1997లో ఇదే పురుగుతో ప్రయోగశాలలో గజిబిజి ఊగిసలాట (కేయాస్) కూడా చూపించారు.

కె నిజంగా తిండి వల్లేనా అని తేల్చాలంటే 10, 20, 40 గ్రా. సీసాలు పక్కపక్కన పెట్టండి. గ్రాముకి ఎన్ని అన్నది మూడింట్లో దగ్గరగా రావాలి. 1928లో కీటక శాస్త్రవేత్త చాప్‌మన్ చూపించింది అదే.

పూర్ణామార్కెట్:
మన విశాఖ గాలి సంగతి మర్చిపోతున్నారు. వానాకాలంలో పిండి బూజు పడుతుంది, దుమ్ములా కనిపించే పిండి నల్లులు (మైట్లు) చేరతాయి, అప్పుడు లెక్కంతా వాటి వల్ల పడిపోతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అడుగున గిన్నెలో ఉప్పు నీళ్ళతో ముద్దగా కలిపి (కరగని ఉప్పు ఇంకా కనిపిస్తూ ఉండాలి) పెట్టి, సీసాలు అందులో ఉంచండి. తేమ 75 శాతం దగ్గర నిలకడగా ఉంటుంది. సీసా మూతికి పల్చటి గుడ్డ, రబ్బరు బ్యాండు.

కొట్లో కొన్న పిండిలో గుడ్లు ముందే ఉంటాయి. వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి. విప్పితే చెమ్మ పట్టి గడ్డ కడుతుంది.

గాజువాక_బీజెడ్‌సీ:
చూశాను. లార్వాలు సున్నా, ప్యూపాలు సున్నా. 60 నంబరు జల్లెడ ఎక్కడ దొరుకుతుంది?

జల్లెడ60:
కొనక్కర్లేదు. ఫార్మసీ కాలేజీలో గానీ సివిల్ వాళ్ళ మట్టి ల్యాబులో గానీ అడగండి. మట్టి ల్యాబుదైతే కడిగి, పూర్తిగా ఆరాకే వాడాలి.