జీఎఫ్‌పీ వెలుగు తగ్గడానికి కారణం ఫోటోబ్లీచింగా, ప్రోటీన్ విచ్ఛిన్నమవడమా?

బతికున్న కణాల్లో జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్) జోడించిన ఒక ప్రోటీన్‌ను కన్‌ఫోకల్ మైక్రోస్కోపుతో, 488 నానోమీటర్ల లేజర్ వాడి గమనిస్తున్నాను. తొలి ఫ్రేముల్లో కేంద్రకం అంచు సన్నని ఆకుపచ్చ వలయంలా స్పష్టంగా కనిపిస్తుంది గానీ, చిత్రీకరణ సాగేకొద్దీ అది నేపథ్యంలో కలిసిపోతోంది.

కాంతిని గ్రహించిన అణువుల్లో కొన్ని ట్రిప్లెట్ అనే ఉత్తేజిత స్థితికి చేరి, అక్కడ ఎక్కువసేపు నిలవడం వల్ల ఆక్సిజన్ వంటి వాటితో చర్య జరిపి, శాశ్వతంగా వెలుగును కోల్పోతాయని (ఇదే ఫోటోబ్లీచింగ్) తెలుసు. రసాయనాలతో స్థిరీకరించిన (ఫిక్స్ చేసిన) నమూనాలకైతే ఎన్-ప్రొపైల్ గాలేట్ వంటి యాంటీఫేడ్ (వెలుగు తగ్గకుండా కాపాడే) పదార్థాలు ఉన్నాయి, బతికున్న కణాలకు అవి పనికిరావు. కణాలను ఉంచిన మాధ్యమంలోని రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) జీఎఫ్‌పీని త్వరగా వెలిసిపోయేలా చేస్తుంది కనుక దానిని తొలగించాను. కొంత మేలు కనిపించింది.

ఫ్రేముల సంఖ్యను మార్చకుండా వాటి మధ్య విరామాన్ని మాత్రమే పెంచినప్పుడు, తగ్గుదల ఫ్రేముల సంఖ్యనే అనుసరిస్తే ఫోటోబ్లీచింగ్ అనీ, గడిచిన కాలాన్ని అనుసరిస్తే ప్రోటీన్ విచ్ఛిన్నమవుతోందనీ అనుకోవచ్చు. నా కొలతల్లో రెండు ధోరణులూ కలిసి ఉన్నాయి, పైగా తగ్గుదల ఒకే ఘాతీయ వక్రరేఖకు లొంగడం లేదు. స్థిరీకరించిన కణాల్లో కొలిచిన క్షీణత రేటుతో ఈ ఫలితాలను సరిదిద్దడం సమంజసమేనా, లేక అదే ప్రోటీన్‌కు కాంతిని మరింత తట్టుకునే ట్యాగ్ (జీఎఫ్‌పీలా వెలిగే గుర్తు) జోడించి పోల్చడమే మేలా? (చిత్రాలు అందంగా రాకపోయినా ఫరవాలేదు, కొలత నమ్మదగినదైతే చాలు.) అలాగే, కణాలపై పడే మొత్తం కాంతి మోతాదు సమానంగా ఉన్నప్పుడు, లేజర్ శక్తిని తగ్గించి ఒక్కో బిందువు వద్ద ఎక్కువసేపు నిలపడం వల్ల నిజంగా ప్రయోజనం ఉంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.