ఏజెన్సీలో సర్వేకి రేడియో బేస్ మోయాలా, కార్స్ సిమ్ చాలా?

కొండదారి:
వచ్చే వారం పాడేరు వైపు భూముల సర్వేకి ఆర్‌టీకే రోవర్లతో (దిద్దుబాటు డేటా అందుకుని సెంటీమీటర్ల కచ్చితత్వంతో స్థానం చెప్పే ఉపగ్రహ రిసీవర్లు) వెళ్తున్నాం. సర్వే ఆఫ్ ఇండియా కార్స్ సేవ (శాశ్వత స్టేషన్ల దిద్దుబాటు డేటా మొబైల్ నెట్‌లో వస్తుంది) ఉండగా సొంత బేస్ (ఒకచోట నిలబెట్టి రోవర్‌కి దిద్దుబాట్లు పంపే రిసీవర్), రేడియో, బ్యాటరీ మోయడం దండగ అంటున్నారు మావాళ్లు. మీరేమంటారు?

గట్టురాయి:
దండగే. నేను మూడేళ్లుగా సిమ్ వేసుకుని ఒక్కడినే తిరుగుతున్నాను. బేస్ దగ్గర కాపలా అక్కర్లేదు. పైగా బేస్ రేడియో వాడే యూహెచ్‌ఎఫ్ తరంగాల్లో ప్రసారం చేయాలంటే లైసెన్స్ ఉండాలి. ఎంతమంది తీసుకుంటున్నారు?

రోవర్‌మిత్ర:
గట్టురాయి గారూ, సిగ్నల్ ఉన్నచోట మీ మాటే నా మాట. కానీ లోయలోకి దిగాక ఫోన్ పలకదు. దిద్దుబాటు డేటా ఆగిపోతే కాసేపటికే ఫిక్స్ (పక్కా స్థానం) పోయి ఫ్లోట్‌లో (ఉజ్జాయింపు స్థానం) పడతాం. సెంటీమీటర్ల పని జానెడు తేడాకి వచ్చేస్తుంది. గట్టు దగ్గర జానెడంటే రెండు కుటుంబాల మధ్య గొడవే.

అయితే రేడియో ఉంటే చాలదు. నిరుడు 35 వాట్ల రేడియోతో కూడా మాకు రెండు కిలోమీటర్లు దాటలేదు. యాంటెన్నాని నడుం ఎత్తున పెట్టాం, అదీ తప్పు. యూహెచ్‌ఎఫ్ కొండని దాటుకుని రాదు. చదును నేల మీద బేస్ యాంటెన్నా 4 మీటర్లు, రోవర్‌ది 2 మీటర్ల ఎత్తులో ఉంటే రేడియో చూపు (అడ్డు లేకుండా సిగ్నల్ అందే దూరం) సుమారు 14 కిలోమీటర్లు. వాట్లు పెంచేకన్నా గుట్టెక్కడం మేలు. మేము బేస్‌ని గుట్ట మీదికి మార్చాక కూడా ఫిక్స్ నిలవలేదు. రేడియో డేటా వేగం సెకనుకి 9600 బిట్లు పెట్టి, అన్ని ఉపగ్రహ వ్యవస్థలకీ ఎంఎస్‌ఎం7 (ఎక్కువ వివరాలుండే దిద్దుబాటు) సందేశాలు పంపుతున్నాం. అంత డేటా సెకనులో పట్టదు. తక్కువ డేటా ఉండే ఎంఎస్‌ఎం4కి మార్చాకే కుదురుకుంది. ఫ్రీక్వెన్సీ, ప్రొటోకాల్, 12.5 లేదా 25 కిలోహెర్ట్జ్ చానల్ వెడల్పు రెండు వైపులా ఒకటే ఉన్నాయో లేదో ఆఫీసులోనే చూసుకోండి. యాంటెన్నా బిగించకుండా మాత్రం ప్రసారం ఆన్ చేయకండి, రేడియో కాలిపోతుంది.

గట్టురాయి:
లైసెన్స్ సంగతి చెప్పలేదు.

రోవర్‌మిత్ర:
తీసుకోవాల్సిందే, అందులో రాజీ లేదు. దగ్గరి పనికి 865–868 మెగాహెర్ట్జ్ రేడియోలున్నాయి. 1 వాట్ పరిమితిలో వాటికి లైసెన్స్ అక్కర్లేదు.

గొలుసులెక్క:
అసలు ప్రమాదం వేరే ఉంది. బేస్ నిలబెట్టి, అది సొంతంగా చూపించిన స్థానాన్నే ఒప్పుకుంటే సర్వే మొత్తం ఒకటి రెండు మీటర్లు పక్కకి జరుగుతుంది. రోవర్ మాత్రం ఫిక్స్ అనే చూపిస్తుంది. కార్స్‌లో ఈ భయం లేదు.

రోవర్‌మిత్ర:
నిజం. అందుకే మేము బేస్‌ని మొదటి రోజు కొన్ని గంటలు స్టాటిక్‌లో (కదపకుండా ఉపగ్రహ డేటా రికార్డు చేస్తూ) ఉంచి, ఆ రికార్డుని కార్స్ డేటాతో లెక్కకట్టి, వచ్చిన స్థానాన్నే బేస్‌లో వేస్తాం.

కొండదారి:
అయితే ఒక రోజు ముందే బయల్దేరతాం. ఊళ్లో సిమ్, లోయలో రేడియో. గుట్ట మీద కాపలాకి ఇంకో మనిషిని అడుగుతున్నాను.