ప్రపంచం బాగుపడుతోందా? మేనకోడలికి ఏం చెప్పాలో తెలియడం లేదు

దివిసీమవాడు:

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

సంక్రాంతికి ఊరెళ్లాం. మాది నాగాయలంక దగ్గర పల్లెటూరు. మా అక్క కూతురు బెజవాడలో డిగ్రీ రెండో ఏడు. భోజనాల దగ్గర ఎవరో పెళ్లి మాట ఎత్తారు. "నాకు పెళ్లీ వద్దు, పిల్లలూ వద్దు మావయ్యా. ఈ ప్రపంచం ఇంక బాగుపడేది కాదు, దీంట్లోకి ఇంకొకళ్లని తీసుకురావడం పాపం" అంది. ఎండలు, యుద్ధాలు, ఉద్యోగాలు, సముద్రం వేడెక్కడం, అన్నీ ఏకరువు పెట్టింది. నేను హుషారుగా పసిపిల్లల చావులు ఎంత తగ్గాయో, చదువులు ఎంత పెరిగాయో చెప్పబోయాను. "అవన్నీ సగటు లెక్కలు మావయ్యా" అనేసింది.

గోంగూర వడ్డిస్తున్న మా అమ్మ, "నాకు పదహారేళ్లప్పుడే ప్రపంచం ఒకసారి అయిపోయిందే" అని గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

అమ్మ చెప్పింది ఉప్పెన సంగతి. 1977 నవంబర్ 19, శనివారం. తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారట. కదిలి ఎక్కడికి పోతారు? మా ఊళ్లో మేడ ఉన్నది ఒక్కళ్లకే. తీరం వెంబడి ఐదు మీటర్ల ఎత్తున నీళ్లొచ్చాయి. అమ్మ తుమ్మచెట్టుకి చీరతో కట్టేసుకుని తెల్లారేదాకా ఉంది. ఒళ్లంతా ముళ్లు. పక్క కొమ్మ పట్టుకున్న తమ్ముడు తెల్లారేసరికి లేడు. ఆ తుఫానులో సర్కారు లెక్క ప్రకారమే పదివేల మందికి పైగా పోయారు. ఇప్పటికీ అమ్మ మంచం కింద మోకు ఒకటి చుట్టి ఉంటుంది. ఎందుకని ఎవరం అడగం.

అదే 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఏకంగా విశాఖ మీదికొస్తే చనిపోయినవాళ్లు పదుల్లో ఉన్నారు. ఒడిశాలో 1999 తుఫానుకి పదివేల మంది దాకా పోతే, 2013లో ఫైలిన్‌కి లక్షల మందిని ముందే ఖాళీ చేయించి పదులకు తెచ్చారు. ఉపగ్రహాలు, మచిలీపట్నం రాడార్, షెల్టర్లు, ముందురోజే బస్సులు. ఇది చూసి ఆశ పెట్టుకోవడం తప్పా?

కానీ ఇంకోటీ చెప్పాలి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు మా ఊరి తుఫాను షెల్టర్‌కి తాళం వేసి ఉంది. తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియక అందరినీ బళ్లో పడుకోబెట్టారు. నేను హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని ఫోన్లు చేశాను.

మరి నాది ఆశా, లేక కడుపు నిండినవాడి ధీమానా? పిల్లకి ఏం చెప్పమంటారు?

డల్లాస్ బావ:

బ్రదర్, టెన్షన్ పడకు. రెండొందల ఏళ్ల గ్రాఫ్ ఏది తీసి చూసినా మంచివన్నీ పైకి, చెడ్డవన్నీ కిందికి. టెక్నాలజీ చూసుకుంటుంది. పిల్లని ఫోన్‌లో వార్తలు చూడ్డం మానెయ్యమను.

రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్:

బావగారూ, గ్రాఫ్ దానంతట అది దిగదండీ. దాన్ని కిందికి లాగినవాళ్లలో నేనూ ఒకణ్ణి, అందుకే కాస్త కోపమొచ్చింది.

నేను ఉద్యోగంలో చేరిన 1975లో, మశూచి కేసు చూపించినవాళ్లకి వెయ్యి రూపాయల బహుమానం అని గోడల మీద రాయించేవాళ్లం. అప్పట్లో వెయ్యి అంటే మాటలా! ఒళ్లంతా పొక్కులున్న ఏ పిల్లాణ్ణి చూసినా జనం పరిగెత్తుకొచ్చేవాళ్లు. తీరా చూస్తే ఆటలమ్మ. అయినా వెళ్లి చూడాల్సిందే. 1980 మేలో మశూచి ప్రపంచంలోనే లేదని ప్రకటించారు.

పల్స్ పోలియో ఇంకా పెద్ద కథ. ఆదివారం బూత్‌లో చుక్కలు వేసి ఎడమచేతి చిటికెన వేలికి సిరా గుర్తు పెడతాం. జనానికి తెలిసింది అంతవరకే. అసలు పని సోమవారం మొదలవుతుంది. ఇంటింటికీ తిరగాలి. పిల్లలందరికీ పడి ఉంటే గోడ మీద చాక్‌పీసుతో 'పి' అని రాస్తాం. ఒక్క పిల్లాడు మిగిలినా, ఇంటికి తాళం ఉన్నా 'ఎక్స్'. ఆ ఎక్స్ ఇళ్లకి మళ్లీ వెళ్లాలి. తిట్టినా వెళ్లాలి. నేను ఒకే ఇంటికి ఏడుసార్లు వెళ్లాను, ఎనిమిదోసారి ఆవిడే మజ్జిగ ఇచ్చి పిల్లాణ్ణి తెచ్చింది. చుక్కల మందు సీసా మీద చిన్న చదరం ఉంటుంది, వేడి తగిలితే నల్లబడుతుంది. చుట్టూ ఉన్న వలయం రంగుకి వచ్చిందా, ఆ సీసా పారెయ్యాల్సిందే. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో. 2014లో సర్టిఫికెట్ వచ్చింది. అయినా చుక్కలు ఆపలేదు, ఆపితే మళ్లీ వస్తుంది కనక.

అమ్మాయికి ఆశ గురించి ఏమీ చెప్పకండి. ఆ పిల్ల చెప్పినవన్నీ నిజాలే. నాకు మీ పోస్టులో తగిలింది తాళం సంగతి. అది ఎక్స్ ఇల్లు. ఎవరు వెళ్లారు మళ్లీ?

మర్రిగూడ వైపు మనిషి:

సూపర్‌వైజర్ సార్ మాటకి దండం. కానీ ఇంకోవైపు కూడా వినండి.

మా నాయిన నలభై ఏళ్లకే నడుం వంగిపోయి మనిషి మొహం చూడాలంటే పక్కకి తిరిగేవాడు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్, పళ్లనీ ఎముకల్నీ పాడుచేస్తుంది. ఇదేం కొత్త సంగతి కాదు, 1937లోనే నెల్లూరు జిల్లా రోగుల మీద డాక్టర్లు రాశారు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని మా జిల్లా పేరే పెట్టారు, అది ఆఫ్రికా దాకా పోయింది. మా బిందెలోకి రాలేదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల కోసం మావాళ్లు గుంపులుగా నామినేషన్లు వేశారు. నల్గొండలో మొత్తం 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పేపర్‌ని పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. దేశమంతా నవ్వింది, కానీ చూసింది. ఆ ఏడాదే డిపాజిట్ 500 నుంచి 10,000 చేశారు, అది మాత్రం చకచకా జరిగింది! కృష్ణా నీళ్లు నల్లాలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చాయి, కాదనను. నా కొడుకు పళ్లు తెల్లగా ఉన్నాయి, నావి లేవు. మా నాయిన నడుం మాత్రం చివరిదాకా అట్లనే ఉంది.

కాబట్టి "బాగుపడుతోంది" అనే ముందు, ఆలస్యానికి ఎవరు ఎంత కట్టారో కూడా ఆ పిల్లకి చెప్పండి. సగటు లెక్కలు అని ఊరికే అనలేదు ఆమె.

దివిసీమవాడు:

రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నా, మన్నించండి.

సూపర్‌వైజర్ గారి మెసేజ్ మేనకోడలికి పంపాను. "ఆ తాళం ఎవరి దగ్గరుంది?" అని ఒక్క ముక్క తిరిగొచ్చింది. నాకు తెలియదు. తనే శనివారం ఊరెళ్లి అడిగింది. ఇప్పటి సర్పంచ్ పాత సర్పంచ్‌ని అడగమన్నాడు, ఆయన ఇంకొకరిని. చివరికి ఒక కిరాణా కొట్టు గూట్లో, పసుపు డబ్బా వెనకాల దొరికింది. తలుపు తీస్తే లోపల ఎవరివో యూరియా బస్తాలు, ఒక పాత మోటార్ సైకిల్.

బస్తాలాయన గొడవపడ్డాడట. తీయించడానికి నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు మూడు తాళం చెవులు చేయించి మూడు ఇళ్లలో ఇచ్చి, ఆ మూడిళ్లవాళ్ల ఫోన్ నంబర్లు షెల్టర్ గోడ మీద పెయింట్‌తో రాయించింది. ఫోటో పంపింది, అక్షరాలు కాస్త వంకర.

"పిల్లల విషయంలో నా మాట మారలేదు మావయ్యా, సంబరపడకు" అని కూడా పెట్టింది కింద.

అమ్మ కర్ర పట్టుకుని మెట్లెక్కి చూసొచ్చింది. పైన బాత్రూంలో నీళ్లు రావడం లేదట, మోటారు కాలిపోయి ఉంది. మర్రిగూడ అన్నా, మీ పోస్టు నేనే ఆవిడకి చదివి వినిపించాను. వచ్చే ఆదివారం మెకానిక్‌ని తీసుకుని వెళ్తున్నాను.