డ్రమ్స్ ఇంట్లో కొట్టించాలా, కంప్యూటర్లో రాసేసుకోవాలా?

మేడమీద గది: మాది పర్లాకిమిడి. తెలుగులో ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బం చేస్తున్నాను. 5 పాటలు, 42 నిమిషాలు, చివరి పాటొక్కటే 17. గిటార్, బేస్, కీబోర్డు ఇంట్లోనే అయిపోయాయి. డ్రమ్స్ దగ్గర ఆగిపోయాను. గది 10 అడుగులకి 10. ఫ్యాను ఆపితే చెమట, ఆపకపోతే మైకులో హోరు. ప్రోగ్రామ్ చేసేద్దామని ఉంది. ఏటంటారు?

బరంపురం ఆంప్: డ్రమ్స్ సంగతి తర్వాత. గోడలకి ఏం అంటించావు? పోయినసారి ఫొటోలో గుడ్ల అట్టలు కనిపించాయి.

మేడమీద గది: ఒక్క గోడకేనండీ.

బరంపురం ఆంప్: అనుకున్నాను. గుడ్ల అట్ట కీచుదనం కాస్త తగ్గిస్తుంది, అంతే. పక్కింటికెళ్లే చప్పుడు ఆపదు, బేస్‌ని ముట్టుకోనైనా ముట్టుకోదు. 10 అడుగుల గోడల మధ్య దాదాపు 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది. నీది నలుచదరం గది కాబట్టి పొడవుదీ వెడల్పుదీ ఒకేచోట పోగుపడతాయి. బేస్ గిటార్‌లో ‘A’ తీగ 55 హెర్ట్జ్. అది మీటినప్పుడల్లా గది ఉబ్బుతుంది.

మేడమీద గది: బేస్ మైకుతో తియ్యలేదు. కంప్యూటర్‌కి కలిపే పెట్టె ఉంటుంది కదా, ఆ ఇంటర్‌ఫేస్‌లోకే నేరుగా పెట్టాను. గదితో పనేటి?

బరంపురం ఆంప్: అన్నీ కలిపి మిక్స్ చేసేటప్పుడు వినేది ఆ గదిలోనే కదా నాయనా! ఎక్కువైందని తగ్గించేస్తావు, తర్వాత కారులో వింటే బేసే ఉండదు. నేనిలాగే ఏడాది పోగొట్టుకున్నాను. మూలల్లో రాక్‌వూల్, అదే రాతి ఉన్ని, మందంగా నింపు. అట్టలు పీకెయ్.

గుణుపురం గిటార్: ప్రోగ్రామ్ చేసెయ్ గురూ. వినేవాడికి తేడా తెలీదు.

తాళం చెవి: కొట్టినవాడికి తెలుస్తుంది. రికార్డింగ్ ఇంజనీర్ గ్లిన్ జాన్స్ పద్ధతిలో 4 మైకులు చాలు. కాలితో కొట్టే కిక్‌కి ఒకటి, ముందుండే స్నేర్‌కి ఒకటి, స్నేర్‌కి పైన ఒకటి, నేలమీద నిలబడే పెద్ద డ్రమ్ము ఫ్లోర్ టామ్ పక్కనుంచి స్నేర్‌కేసి చూస్తూ ఒకటి. ఆ చివరి రెండూ స్నేర్ నడిమికి సమాన దూరంలో ఉండాలి. లేకపోతే ఒకే దెబ్బ ఒక మైకుకి ముందూ ఇంకోదానికి వెనకా చేరి పల్చబడిపోతుంది. టేపు లేకపోతే పురికొస చాలు. ఒక కొస స్నేర్ మీద వేలితో నొక్కిపట్టి, మొదటి మైకు దగ్గర ముడేసి, ఆ ముడిని రెండోదాని దాకా తేవడమే. నేను ముడేసిన పురికొస నీ కిటికీ ఊచకే వేలాడుతుండాలి, చూసుకో.

కాశీబుగ్గ బస్సు: ఓహో.

మేడమీద గది: అందరి ముందూ ఎందుకు బావా? సరే, చెప్తాను. చెవిలో క్లిక్, అదే లయ చూపే టిక్‌టిక్, పెట్టినా నువ్వు పరిగెత్తావు. 17 నిమిషాల పాటలో 7/8 తాళం, అంటే ఏడు దెబ్బల లెక్క, వచ్చే భాగమంతా ముందుకెళ్లిపోయావు.

తాళం చెవి: పరిగెత్తలేదు. నువ్వు క్లిక్‌లో ఏడుని 4, 3గా విరిచావు. నేను కొట్టింది మిశ్రచాపు, అంటే 3, 4: తకిట తకధిమి. నా బరువు నాలుగో దెబ్బ మీద, నీ క్లిక్‌ది ఐదో దాని మీద. తెరమీద గీతలు చూసి ముందుకొచ్చాననుకున్నావు. చెవితో విన్నావా అసలు?

మేడమీద గది: పాట నాది. ఎలా విరవాలో నా ఇష్టం.

తాళం చెవి: నీదా? గుణుపురం బండిలో నేను సీటు మీద దరువేస్తుంటే ఫోన్లో పట్టుకున్నదెవరు? దాని మీద గిటార్ వేసుకున్నావు. దసరాకి భువనేశ్వర్ నుంచి సెలవు పెట్టుకొచ్చి 3 రోజులు ఫ్యాను లేకుండా కొట్టాను. అత్తయ్య తడిగుడ్డలు అందిస్తూనే ఉంది. ఇవాళ ఇక్కడికొచ్చి ‘డ్రమ్స్ దగ్గర ఆగిపోయాను’ అంటున్నావు!

బరంపురం ఆంప్: అప్పుడు కూడా గుడ్ల అట్టలేనా?

మేడమీద గది: మీరుండండి సార్. బావా, ఆ ఫైళ్లు చెరపలేదు. పేరు వెయ్యనని కూడా ఎప్పుడూ అన్లేదు. దసరా తర్వాత 3 నెలలు ఫోన్ చేశాను, ఒక్కసారి ఎత్తావా? రేపు స్టేజీ మీద ఆ 17 నిమిషాలూ ఎవరితో వాయించుకోమంటావు? కంప్యూటరైతే ఊరొదిలి వెళ్లిపోదు.

తాళం చెవి: ఎత్తలేదు, నిజమే. ఫైళ్లు పంపు, ఏ మైకుది ఆ మైకుకి విడిగా, క్లిక్ లేకుండా. పరిగెత్తానో లేదో ముందు వింటాను. పేరు సంగతి తర్వాత.

బరంపురం ఆంప్: నాణ్యత తగ్గకుండా 24 బిట్‌లోనే పంపించు, ఎంపీ3 చేసి పంపకు.